అటకెక్కని కానుక: చెన్నైలో వంటపాత్రలు ఎంచి కొనడం ఎలా?

గృహప్రవేశానికి పిలుపు రాగానే టి.నగర్ వెళ్లి, కంటికి నదురుగా కనిపించిన డిన్నర్ సెట్టును రంగు కాగితంలో చుట్టించుకుని రావడం చెన్నైలోని మన తెలుగువాళ్లలో చాలామందికి అలవాటు. ఆ సెట్టు నెల తిరక్కుండా అటకెక్కుతుంది. పెట్టె విప్పకుండానే ఇంకొకరి పెళ్లికి ప్రయాణం కట్టినా ఆశ్చర్యం లేదు. అదే డబ్బుతో రోజూ పొయ్యి మీద ఉండే వస్తువు కొనవచ్చు. కాకపోతే కొట్టుకు వెళ్లే ముందు కొంత వాకబు, వెళ్లాక కొంత మొహమాటం లేని పరిశీలన కావాలి.

ముందు ఆ వంటింటి సంగతి కనుక్కోండి

కానుక అందుకునేవారినే అడిగితే "అయ్యో, ఎందుకండీ, మీరు వస్తే చాలు" అంటారు. వాళ్ల అమ్మగారినో, అక్కనో, తోడికోడలినో కదపండి, అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. పొయ్యి గ్యాసుదా, ఇండక్షనా? రోజూ ఎందరికి వండుతారు? గిన్నెలు ఎవరు తోముతారు?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. ఇత్తడిని చింతపండు పెట్టి తోమాలి. ఇనప మూకుడును కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టాలి. పనిమనిషి వచ్చి అన్నింటినీ ఒకే పీచుతో రుద్ది, తడిగానే బోర్లించి వెళ్లే ఇంట్లో ఈ రెండూ నిలవవు. అది ఆమె తప్పు కాదు, అలాంటి ఇంటికి అలాంటి వస్తువు ఇచ్చినవారిది. ఇల్లు బీసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రపు ఒడ్డు పేటల్లో ఉంటే ఉప్పుగాలికి ఇనుము మరీ త్వరగా తుప్పు పడుతుంది. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో అద్దంలా మెరిసే స్టీలు మీద తెల్లటి మరకలు కడతాయి. అక్కడికి కాస్త మసక మెరుపు ఉన్న స్టీలే నయం.

ఇండక్షన్ పొయ్యి అయితే పాత్ర అడుగుకు అయస్కాంతం గట్టిగా అతుక్కోవాలి. ఉత్త ఇత్తడి, రాగి, అల్యూమినియం, రాతి పాత్రలు దాని మీద వేడెక్కవు. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ అయస్కాంతం ఒకటి సంచిలో వేసుకుని బయలుదేరండి. కొట్టువాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

సెట్టు వద్దు, ఒక్కటి చాలు

ముక్కల లెక్క పెరిగే కొద్దీ ఒక్కో ముక్క మీద పెట్టిన ఖర్చు తగ్గుతుంది, రేకు పలచబడుతుంది. మీరు పెట్టదలచిన డబ్బు ఎంతైనా సరే, దానికి వచ్చే ఒకే ఒక్క మేలైన వస్తువు చూడండి. పెద్ద వస్తువే కావాలని కూడా లేదు. నా మటుకు నాకు పోపు గరిటెను మించిన కానుక తట్టదు. తెలుగు వంటింట్లో అది పొయ్యెక్కని పూట ఉండదు, కొట్లలో దొరికేవాటిలో సగం మాత్రం సరిగా నిలబడవు. కొట్లోనే బల్ల మీద ఖాళీగా పెట్టి చూడండి. పిడి బరువుకు గిన్నె వెనక్కి ఒరిగితే రేపు కాగిన నూనె పొయ్యి మీద పడుతుంది. గిన్నె మందంగా, అడుగు కొంచెం చదునుగా, పిడి పొడవుగా, గిన్నె కన్నా తేలికగా ఉన్నదే తీసుకోండి.

పోపుల పెట్టె కొంటే లోపలి గిన్నెలు కదలకుండా ఇమడాలి. మూత గిన్నెల అంచులకు ఆనుకునేంత దగ్గరగా ఉండాలి, లేకపోతే పెట్టె వంగినప్పుడల్లా ఆవాలు వెళ్లి జీలకర్రలో కలుస్తాయి. అట్లకాడకు అంచు తిన్నగా, పలచగా ఉండాలి. మొండి అంచు దోసెను లేపదు, చింపుతుంది. జంతికల గొట్టంలో తోసే కడ్డీకి, గొట్టానికి మధ్య సందు ఎక్కువైతే పిండి కిందికి దిగే బదులు పైకి ఎగదన్నుతుంది. వేసవిలో ఇవ్వాలనుకుంటే ఆవకాయ జాడీ ఉండనే ఉంది. లోపలి పూత ఎక్కడా లేచిపోకుండా, పగుళ్ల గీతలు లేకుండా చూసుకోండి. ఇంటికి తెచ్చాక నీళ్లు నింపి రాత్రంతా పాత పేపరు మీద ఉంచండి. తెల్లారేసరికి కాగితం తడిసిందంటే ఆ జాడీ ఊరగాయకు పనికిరాదు.

కాఫీ ఫిల్టరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెన్నైలో అందరూ ఇచ్చేది అదే, చూసి కొనేవారు తక్కువ. పై గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. చిల్లులు సన్నగా, ఒకే తీరుగా, అంచుదాకా ఉండాలి. పెద్ద చిల్లుల్లోంచి పొడి కిందికి దిగుతుంది. రెండు గిన్నెలూ కలిపి తిప్పితే సులువుగా తిరగాలి. మరీ బిగుతైతే కింది గిన్నెలోని గాలికి దారి ఉండక డికాషన్ దిగడం మానేస్తుంది. ఇద్దరే ఉన్న ఇంటికి పెద్ద ఫిల్టరు ఇవ్వకండి. వెడల్పు గిన్నెలో కొద్దిపాటి పొడి పలచగా పరుచుకుంటుంది, నీళ్లు దాన్ని తాకీ తాకనట్టు జారిపోతాయి, దిగేది రంగు నీళ్లే.

ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలి

స్టీలుకు టి.నగర్. పానగల్ పార్కు దగ్గర దిగితే ఉస్మాన్ రోడ్డు, పాండీ బజారు, రంగనాథన్ వీధి నడక దూరమే. పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా కాళహస్తిలో పుట్టిన తెలుగువాడు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రి. పాత్రల కొనుగోలుకు ఈ సంగతితో పనేమీ లేదు, కాని అక్కడ దిగినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. రాతి పాత్రలు, తగరపు చెంబులు, పాత పద్ధతి ఇత్తడి కావాలంటే మైలాపూరు కపాలీశ్వరుడి గుడి చుట్టూ ఉన్న మాడవీధులు తిరగండి. ఎక్కువ మొత్తంలో కొనేవారికి సౌకార్‌పేట, ప్యారీస్ వైపు టోకు కొట్లు ఉన్నాయి.

పనిదినాల్లో పొద్దున్నే వెళితే అమ్మేవాళ్లకు తీరిక ఉంటుంది, మీరు పది గిన్నెలు దించమన్నా దించుతారు. శనివారం ఇనుము కొనకూడదన్న పట్టింపు మీకు లేకపోయినా, ఆ రోజు టి.నగర్ రద్దీకి జంకి మానుకోవడం మేలు. తమిళుల ఆడి మాసంలో, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్యదాకా, తగ్గింపు ధరలు నడుస్తాయి. శ్రావణంలో మన పెళ్లిళ్లు, వ్రతాలు ఉన్నవారికి ఇది కలిసొచ్చే కాలం.

కొట్లో నాలుగు మాటలు తెలిసి ఉంటే బేరం తేలికవుతుంది. స్టీలును అక్కడ ఎవర్‌సిల్వర్ అంటారు, ఇత్తడిని పిత్తళై, కంచును వెంగలం, ఇనుమును ఇరుంబు. మందపాటి అడుగున్నది కావాలంటే "అడి కనమా" ఉన్నది చూపమనండి.

స్టీలు: అతుకుల దగ్గర ఆగండి

మెరుపు చూసి మోసపోవద్దు. పలచటి రేకుకూ మెరుగు పెట్టవచ్చు. చూడవలసినవి పిడి, అంచు, అడుగు, మూత.

పిడిని రేకుకు ఎలా బిగించారో గిన్నె లోపలి నుంచి చూడండి. రివిట్లు కొట్టినదైతే లోపల గుండీల్లా కనిపిస్తాయి. గట్టిగా ఉంటుంది గాని ఆ గుండీల చుట్టూ జిడ్డు చేరుతుంది. వెల్డింగు చేసినదైతే లోపల నునుపుగా ఉంటుంది, కాని రెండు చుక్కల వెల్డింగుతో సరిపెట్టిన పిడి ఎప్పుడో ఒకరోజు సాంబారుతో సహా చేతిలోంచి ఊడుతుంది. నిండా వండి రెండు చేతులతో దించే పెద్ద గిన్నెకు రివిట్లే ఎంచుకోండి. పాలగిన్నెకు వెల్డింగు చాలు. పిడి బోలుగా ఉండి చివర తెరిచి ఉంటే లోపల నీళ్లు నిలుస్తాయి. గిన్నె వంచినప్పుడల్లా ఆ నీళ్లు చేతి మీద కారుతుంటే ఆ చిరాకు మీకే తెలుస్తుంది.

అంచు మీద వేలు మెల్లగా నడపండి. చుట్టిన అంచులో సందు ఉంటే తోమినా పోని మడ్డి అక్కడ చేరుతుంది. ఒంపు తిరిగిన అంచు ఉంటే చారు వంచేటప్పుడు గిన్నె వెంట కారదు. మూత పెట్టి చుట్టూ తిప్పి చూడండి, ఒకచోట బిగుతుగా, ఇంకొకచోట వదులుగా ఉంటే గిన్నె గుండ్రంగా లేదన్నమాట. తర్వాత చదునైన గాజు బల్ల మీద పెట్టి అంచును వేలితో నొక్కండి. ఊగితే వద్దనండి.

మందం గేజుల్లో చెబుతారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. గేజు అంకె పెరిగే కొద్దీ రేకు పలచన, 22 గేజు కన్నా 18 గేజు దళసరి. నమ్మకం కుదరకపోతే ఒకే లీటర్లు పట్టే రెండు గిన్నెలు కొట్టులోని కాటా మీద పెట్టించండి. బరువు అబద్ధం చెప్పదు.

స్టీలు రకానికి వస్తే, వంటకు 304 మేలు. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చింతపండు పులుసుకు, ఉప్పుకు తట్టుకుంటుంది. 202 రకంలో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. పప్పులు, బియ్యం పోసుకునే డబ్బాలకు అది బాగానే ఉంటుంది. ఉప్పు తగిలే చోట మాత్రం ముందుగా గుంటలు పడేది అదే. అయస్కాంతం అతుక్కోకపోతే మంచి స్టీలని కొట్లో ఒక మాట చెబుతారు, దాన్ని నమ్మి డబ్బు పెట్టకండి. 202కూ అయస్కాంతం అతుక్కోదు. పాత్ర మీదో పెట్టె మీదో అచ్చు వేసిన అంకె, బిల్లు మీద రాయించుకున్న అంకె, ఈ రెండే మీకు ఆధారం.

పాయసం, పాలకోవా తరచూ చేసే ఇంటికైతే మూడు పొరల పాత్ర ఇవ్వండి. స్టీలుకు వేడిని పంచే గుణం తక్కువ, మంట తగిలిన చోటే కాలి అడుగంటుతుంది. మధ్యలో ఉన్న అల్యూమినియం పొర ఆ వేడిని చుట్టూ పరుస్తుంది. అయితే ఆ పొర అడుగున మాత్రమే ఉందా, గోడల వెంట పైదాకా ఉందా అని అడగాలి. అడుగున బిళ్ల అతికించినదైతే దాని అంచు చుట్టూ గీత కనిపిస్తుంది. చిక్కబడేదాకా కాచే వంటకాలకు పైదాకా పొర ఉన్నదే కావాలి.

కేంద్రం 2024లో స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరిదో అక్కడికక్కడే తెలుస్తుంది.

ఇనుము: పదును పెట్టి ఇవ్వండి

దోసె పెనానికి పోత ఇనుమే. పది అంగుళాల పెనం రెండు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవారికి, పెద్ద వయసువారికి అది భారం. వారికి రేకు ఇనుప పెనం ఇవ్వండి, తేలికగా ఉంటుంది, త్వరగా కాగుతుంది, చల్లారడం కూడా త్వరగానే.

కొనేటప్పుడు పెనాన్ని పిడి పట్టి ఎత్తి వేలి మెటికతో కొట్టండి. మంచి పోత గంటలా మోగుతుంది, పగులు ఉంటే బొంగురుగా పలుకుతుంది. తెల్లటి రుమాలుతో రుద్ది చూడండి. నల్లరంగు దండిగా ఊడి వచ్చిందంటే పైన రంగు పులిమారేమోనని అనుమానించి పక్కన పెట్టండి. తిన్నని స్కేలు ఒకటి పెనం మీద అడ్డంగా ఆనిస్తే నడుమ గుంట ఉందో లేదో బయటపడుతుంది. గుంట ఉంటే నూనె అంతా నడుమకే చేరుతుంది.

కొత్త పెనం ఇస్తే చాలామంది మొదటి దోసె అంటుకోగానే విసుగెత్తి దాన్ని మూలన పడేస్తారు. అందుకే మీరే పదును పెట్టి, అంటే నూనె పట్టించి కాల్చి వాడకానికి సిద్ధం చేసి ఇవ్వండి. ముందు సబ్బుతో బాగా కడిగి, ఒకరోజు గంజిలో నానబెట్టండి. మళ్లీ కడిగి పొయ్యి మీద తడి పూర్తిగా ఆరనివ్వండి. నువ్వుల నూనె పలచగా, అంటే గుడ్డతో తుడిచేసినట్టుగా పట్టించి సన్నగా పొగ వచ్చేదాకా కాల్చి చల్లారనివ్వండి. ఇలా నాలుగైదు సార్లు. నూనె ఆ వేడికి గట్టిపడి పొరగా ఇనుముకు అతుక్కుంటుంది, దోసె అంటుకోకుండా కాపాడేది ఆ పొరే. తొందరపడి నూనె ఎక్కువ పోస్తే జిగురు జిగురుగా తయారవుతుంది. చివరగా ఉల్లిపాయను సగానికి కోసి, నూనెలో ముంచి, వేడి పెనమంతా రుద్ది ఒక దోసె పోసి చూడండి. ఆ దోసె మీరే తినేయండి.

మూకుడుకూ ఇదే పద్ధతి. దాంతోపాటు ఒక చీటీ రాసి పెట్టండి: ఇందులో చింతపండు పులుసు కాచవద్దు, వేపుళ్లకు ఉంచండి. పులుపు ఆ పొరను తినేస్తుంది, కూర నల్లబడుతుంది.

రాయి, ఇత్తడి, తగరం

మైలాపూరు కొట్లలో తమిళులు కల్చట్టి అని అమ్మేది మన రాచ్చిప్పే. బలపపు రాతితో మలిచినది. ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది, పొయ్యి ఆపాక కూడా పులుసు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. కొనేటప్పుడు ఒక్క పరీక్ష చాలు. తడిగుడ్డతో లోపలా బయటా తుడిచి ఆరనివ్వండి. అంతా ఆరాక కూడా ఎక్కడైనా నల్లటి సన్నని చార తడిగా మిగిలితే అది పగులు. దీనికీ పదును కావాలి. పసుపు, ఆముదం కలిపి పట్టించి, రోజూ వేడి గంజి పోసి ఉంచి, వారం పది రోజులయ్యాక సన్నని మంట మీద గంజితోనే మొదలుపెట్టాలి. మంట ఒక్కసారిగా పెంచితే, వేడి మీద చన్నీళ్లు పోస్తే రాయి చిట్లుతుంది. ఓపిక ఉన్న ఇంటికే ఇవ్వండి.

చిన్న రాతి రోలు అందరికీ పనికొస్తుంది. గుప్పెడు బియ్యం వేసి నూరి చూడండి. పిండిలో బూడిదరంగు పలుకులు వస్తుంటే ఇంకా నూరాలి, తెల్లగా వచ్చేదాకా.

ఇత్తడి గిన్నెను వంటకు ఇస్తే లోపల కళాయి ఉండాలి. కళాయి అంటే తగరపు పూత. అది లేకుండా పులుపు వండితే రాగి, జింకు వంటలోకి దిగుతాయి. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టకూడదు, స్టీలు గరిటెతో గీరకూడదు. పూత అరిగి పసుపు మచ్చలు కనిపిస్తే మళ్లీ కళాయి వేయించాలి. ఆ పని ఎక్కడ చేయిస్తారో కొన్న కొట్లోనే అడిగి చీటీలో రాయండి. మన వైపు ఇత్తడే ఇవ్వాలని ముచ్చట ఉంటే శ్రీకాకుళం జిల్లా బుడితి పనితనం చూడండి, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

చారు కాచే తగరపు చెంబును ఇక్కడ ఈయచ్చొంబు అంటారు. లోపల నీళ్లున్నంతసేపు దాని వేడి వందకు అటూ ఇటూ దాటదు కాబట్టి మంట మీద నిలుస్తుంది. నీళ్లు ఇంకితే ముద్దయిపోతుంది. చారు ముందు పోసి, తర్వాతే పొయ్యి వెలిగించాలి. ఇందులో సీసం కలిపితే కంటితో కనిపెట్టలేం, సీసం చేసే హాని చిన్నది కాదు. మేలిమి తగరమని బిల్లు మీద రాసివ్వని కొట్లో కొనకండి. బాలింతలు, చిన్నపిల్లలు ఉన్న ఇంటికైతే దీన్ని ఇవ్వను కూడా ఇవ్వను, స్టీలు గిన్నెలోనూ చారు బాగానే ఉంటుంది.

కుక్కరు, మిక్సీ, గ్రైండరు

వీటిలో మీ చేతిపరీక్షలకు పెద్దగా పనిలేదు. కుక్కరుకు ఐఎస్ఐ గుర్తు 2021 నుంచి తప్పనిసరి, అది లేనిది ఎంత చవకైనా ముట్టుకోవద్దు. ఇద్దరు ముగ్గురికి మూడు లీటర్లు, నలుగురైదుగురికి ఐదు లీటర్లు. రబ్బరు, విజిలు, సేఫ్టీ వాల్వు విడిగా ఎక్కడ దొరుకుతాయో అడగండి. మిక్సీ, గ్రైండరు కొనేటప్పుడు సర్వీసు కేంద్రం మీ పేటలో ఉంటే లాభం లేదు, అందుకునేవారి ఊళ్లో ఉండాలి. వారంటీ బిల్లు తేదీ నుంచి లెక్క, అందుచేత మూడు నెలల ముందే కొని దాచిపెట్టకండి. ఇక నాన్‌స్టిక్ పెనం నేను కానుకగా ఇవ్వను, పూత లేచిన రోజున దాన్ని పారేయడమే.

పేరు చెక్కించే ముందు

స్టీలు కొట్లలో పాత్ర మీద పేరు, తేదీ చెక్కి ఇస్తారు. పేరు పడిన పాత్రను మళ్లీ మార్చరు. అందుకని పైన చెప్పిన పరీక్షలన్నీ ముగిశాకే చెక్కించండి. తెలుగులో చెక్కించాలంటే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపండి, లేకపోతే వత్తులు తారుమారవుతాయి. గిన్నె అడుగున చెక్కిస్తే మంటకు మాసిపోతుంది, అంచు కింద పక్కన చెక్కించండి. ఇండక్షన్ ఇంటికో, పరిమాణం తేలని ఇంటికో ఇస్తుంటే అసలు చెక్కించవద్దు. బిల్లు విడిగా కవరులో పెట్టి, మార్చుకోదలిస్తే మార్చుకోమని నోటితో చెప్పండి.

కత్తి, కత్తిపీట ఇవ్వడం కొన్ని ఇళ్లలో గిట్టదు, అడిగి చూడండి. ఏ పాత్రయినా ఖాళీగా ఇవ్వకుండా గుప్పెడు బియ్యమో, కొంచెం పంచదారో వేసి ఇవ్వడం మన ఇళ్లలో మర్యాద.

రాచ్చిప్పనో, జాడీనో పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ తీసుకెళుతుంటే లోపల పాత చీర కుక్కి, బయట రెండు వరుసలు గోనె చుట్టి సీటు కింద పెట్టండి, పై అరలో వద్దు. దిగాక ఇంకోసారి తడిగుడ్డతో తుడిచి చార కోసం చూసి, అప్పుడు చుట్టండి రంగు కాగితం.